నేరక చేసిన నేరం

అక్క కూతురు బెంగళూరు నుంచి సెలవులకు వచ్చింది. నాలుగేళ్ల డిగ్రీ, అందులో ఆర్థికశాస్త్రం మేజర్. ఈ ఏడాది నుంచి ఫోరెన్సిక్ సైకాలజీ మైనర్ తీసుకున్నానని గుమ్మంలోనే ప్రకటించింది. ఆ వాక్యంలో మా అమ్మకు తెలిసిన మాట ఒక్కటే. "ఆడపిల్లవి, నువ్వు మైనరేమిటే!" అంది.

అమ్మ తప్పేమీ లేదు. ఆవిడ ఎరిగిన మైనరంటే తండ్రి పోగా ఆస్తి మిగిలిన జమీందారు బిడ్డ. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ వాళ్ల అజమాయిషీలో పెరిగి, సిల్కు లాల్చీ, మెళ్లో గొలుసు వేసుకుని ఊరిమీద పడేవాడు. జుట్టు నెరిసినా మైనరుబాబే. తర్వాత ఆ మాట పంట కాలవల్లోకి దిగి మైనరు కాలవ అయింది. పేపర్లలో ‘మైనర్ బాలిక’ అయింది. 2020 జాతీయ విద్యావిధానం పుణ్యమా అని ఇప్పుడు డిగ్రీల్లోకీ వచ్చింది: గట్టిగా చదివేది మేజర్, పక్కన కొన్ని క్రెడిట్ల మేరకు చదివేది మైనర్. లాటిన్‌లో దానికి ఇంత కథ లేదు, ‘మరింత చిన్నది’ అని, అంతే.

"అయితే శవాలు కొయ్యాలా?" అన్నది అమ్మ రెండో ప్రశ్న. దీనికీ ఆవిణ్ణి తప్పుపట్టలేం. ఫోరెన్సిక్ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది హత్య వార్తల్లోంచే. క్లూస్ టీమ్ రావడం, వేలిముద్రలు తీసుకోవడం, ఫోరెన్సిక్ నివేదిక రావాల్సి ఉందనడం, అన్నీ ఒక పేరాలోనే అయిపోతాయి.

పిల్లకు నాతో వేరే పని ఉంది. "మావయ్యా, మా డిపార్ట్‌మెంట్ గోడమీద ఈ సబ్జెక్టు పేరు ఎవరి భాషలో వాళ్లు రాసిపెట్టాలి. నేర మనస్తత్వశాస్త్రం అని రాశాను. కరెక్టేనా?"

కాదన్నాను. ఎందుకు కాదో చెప్పబోయి, ఆ చెప్పడంలో నేనే రెండు రోజులు చిక్కుకుపోయాను.

ముందు ఫోరెన్సిక్ సంగతి. రోమ్ నగరంలో ఫోరమ్ అంటే సంత జరిగే చోటు, జనం గుమిగూడే చోటు, తగాదాలు తీర్చే చోటు కూడా. ఫోరెన్సిస్ అంటే ఆ ఫోరమ్‌కు చెందినది. అందులో నెత్తురు లేదు, శవం లేదు, నేరం కూడా లేదు. నలుగురి ఎదుట వాదనకు నిలబడేది ఏదైనా ఫోరెన్సికే. దీనికి సరిజోడు మాట తెలుగులో ఉందంటే పిల్ల నమ్మలేదు. ఉంది: రచ్చ. సంస్కృతంలో వీధికి రథ్య అని పేరు. అది ప్రాకృతంలో నలిగి మన దగ్గరికి రచ్చగా వచ్చింది. వీధుల కూడలిలో చెట్టు, చెట్టు చుట్టూ అరుగు, అరుగుమీద పెద్దమనుషులు, అదే రచ్చబండ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతలో రచ్చ అంటే గొడవ కాదు, సభ. పోట్లాట వీధికెక్కితే రచ్చకెక్కింది అంటాం. రోమన్ల ఫోరమ్ మన రచ్చబండే, కాకపోతే వాళ్లది పాలరాయి.

"అయితే రచ్చ మనస్తత్వశాస్త్రమా? సినిమా పేరులా ఉంది" అని నవ్వింది పిల్ల. నవ్వినా, ఆ మాటే ఆ శాస్త్రానికి దగ్గర. వీలునామా రాసేనాటికి తాతగారి బుద్ధి నిలకడగా ఉందా అని అన్నదమ్ములు కోర్టుకెక్కితే అది ఫోరెన్సిక్ సైకాలజీ. విడిపోయిన దంపతుల బిడ్డ ఎవరి దగ్గర పెరగాలని కుటుంబ న్యాయస్థానం అడిగితే అదీ అంతే. వీటిలో నేరం ఎక్కడుంది? రచ్చకెక్కిన మనసును చూసి, చూసినది రచ్చకు అర్థమయ్యే భాషలో చెప్పడం ఆ చదువు పని.

ఇంతదాకా తేలికే. ‘నేర’ అన్న రెండక్షరాలు కొట్టేయబోతూ ఆగాను. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాట లోపల ఏముందో పిల్లలకు ఒక్కసారీ విప్పి చూపలేదు.

నేర్చు అని ఒక క్రియ. ఇవాళ మనకు అది ‘కొను’తో కలిసి నేర్చుకోవడంగానే మిగిలింది. పాత తెలుగులో దానికి చేతనవడం, చేయగలగడం అనే అర్థం కూడా ఉంది. పాడ నేర్చును అంటే పాడటం వచ్చు. దీన్ని తిరగేస్తే నేరడు, నేరదు, నేరక, నేరని. పాడ నేరడు అంటే పాడటం చేతకాదు. ఆ లేమికి పెట్టిన పేరు నేరమి, అంటే తెలియనితనం, చేతగానితనం. ఎరుగుకు ఎరుగమి ఎలాగో నేర్చుకు నేరమి అలాగ. ఆ నేరమి పక్కింటిదే నేరము. నేర్పు, నేర్పరి ఒక గట్టున ఉంటే నేరమి, నేరం రెండో గట్టున. పారే నీరొకటే.

అంటే ఈ మాట పుట్టిన రోజున నేరం చేసినవాడు దుర్మార్గుడు కాదు. రానివాడు. నేర్వనివాడు.

పాత వాడుక చూసినా ఇదే కనిపిస్తుంది. నేరములెన్నుట అంటే తప్పులు పట్టడం. పద్యంలో యతి చెడినా నేరమే, వడ్డనలో వరస తప్పినా నేరమే. నాలో ఏం నేరం చూశారని ఇలా అంటున్నారు అనే కోడలి మాటలో ఏ సెక్షనూ లేదు. కచేరీలు వచ్చి, చట్టాలు తెలుగులోకి దిగి, శిక్ష వేయదగిన పనికి ఒక పేరు కావలసి వచ్చినప్పుడు ఈ మెత్తని మాటను పట్టుకుపోయి ఖాకీ తొడిగించాయి. అప్పటినుంచి దానికి ఘోరం జంటయింది. నేరాలూ ఘోరాలూ అని కలిపి తప్ప పలకలేకపోతున్నాం.

తోటి మాటలకు ఈ గతి పట్టలేదు. తప్పు చూడండి. దారి తప్పడం, గురి తప్పడం, మాట తప్పడం, దేనిలోనైనా ఒక చోటికి చేరవలసింది చేరకపోవడమే ఉంది. సంస్కృతంలో అపరాధానికి కూడా మొదట గురి తప్పడమనే అర్థం. అది ఇప్పుడు రెండు చోట్ల బతుకుతోంది: అపరాధ పరిశోధక నవల అట్టమీద, లైబ్రరీ పుస్తకం ఆలస్యంగా ఇస్తే కట్టే అపరాధ రుసుంలో. పాపం మరీ చిత్రం. అది నరకం దాకా వెళ్లి, తిరిగొచ్చి జాలి అయిపోయింది, "అయ్యో పాపం!" గురి తప్పినవాడు ఎక్కడికో వేద్దామనే వేశాడు, తగలలేదు. నేరనివాడికి విల్లు పట్టడమే రాదు.

(మద్రాసులో చదువుకునేటప్పుడు మా హాస్టలు వాచ్‌మన్ రాత్రి తొమ్మిదింటికి "నేరం ఆచ్చు" అని గేటు వేసేవాడు. కొత్తగా వచ్చిన మా రాజమండ్రి కుర్రాడు మూడు రోజులు హడలిపోయాడు, ఎవరేం చేశారో అని. అరవంలో నేరమంటే వేళ. ఆలస్యం కావడం కూడా నేరమేనని తర్వాత మా వార్డెన్ నిరూపించాడు.)

అమ్మ ఇదంతా వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "నేరకపోయి అడిగాను దీన్ని, మైనరేమిటని. పొద్దుటినుంచీ ఒకటే పాఠం" అంది. పిల్లను చెయ్యి పట్టుకు ఆపాను. వినవే, అది! నేరకపోయి. తెలియక చేశాను, చేసి ఉండాల్సింది కాదు అని రెండూ ఒక్క మాటలో. ఎరక్కపోయి అని కూడా అంటారు. పుస్తకాల్లో చచ్చిపోయిన వ్యతిరేక క్రియ చిక్కుడుకాయల పళ్లెం దగ్గర బతికే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. మాట ప్రకారం తెలియనితనమే నేరం. చట్టం సరిగ్గా ఎదురు చెబుతుంది.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ ఏమంటుందంటే, మతిస్థిమితం లేని కారణంగా, తాను చేస్తున్న పని ఎలాంటిదో గాని, అది తప్పనో చట్టానికి విరుద్ధమనో గాని తెలుసుకోలేని స్థితిలో మనిషి చేసినది నేరం కాదు. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ సెక్షన్ నంబరు 22 అయింది, సారం అదే. తెలుగు వ్యాకరణం మధ్యలో దూర్చి చదివితే ఎలా ఉంటుందో చూడండి: నేరక చేసినది నేరం కాదు! నూట అరవై ఏళ్లుగా మన కోర్టులు పలుకుతున్న ఈ వాక్యం, మాట పుట్టుకను మాటతోనే కొట్టేస్తోంది.

ఈ సెక్షన్ వెనక ఒక చెక్క పనివాడున్నాడు. గ్లాస్గో నగరంలో తరిమెన పట్టుకుని బతికే డేనియల్ మెక్‌నాటన్. టోరీ పార్టీ వాళ్లు తనను వెంటాడుతున్నారని అతని నమ్మకం. 1843 జనవరి 20న లండన్‌లో ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని, ఆయన కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను వెనకనుంచి కాల్చాడు. డ్రమండ్ ఐదు రోజులకు పోయాడు. మతి చెడినవాడని జ్యూరీ మెక్‌నాటన్‌ను నిర్దోషిగా తేల్చేసరికి దేశం భగ్గుమంది, విక్టోరియా రాణికీ రుచించలేదు. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి, ఎలాంటి పిచ్చికి మినహాయింపు ఇవ్వాలో చెప్పమంది. వాళ్లు చెప్పిన జవాబే మెక్‌నాటన్ నియమాలు. కీలకమంతా ‘తెలుసా’ అన్న ప్రశ్నమీదే. చేస్తున్నదేమిటో తెలుసా? అది తప్పని తెలుసా? నిర్దోషి అయినంత మాత్రాన అతనికి విడుదల దొరకలేదు. మిగిలిన బతుకంతా పిచ్చాసుపత్రుల్లో గడిపి 1865లో పోయాడు. అతని ఇంటిపేరు ఎలా రాయాలో ఇప్పటికీ ఇంగ్లీషువాళ్లలో ఒప్పందం లేదు, ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరు. తెలియడమంటే ఏమిటో తేల్చిన కేసుకు పేరు సరిగ్గా తెలియదు.

మన తెలుగు తర్జుమాలో నాకు బాగా నచ్చింది మతిస్థిమితం. పిచ్చి అంటే ఉన్నదో లేనిదో చెప్పాలి. స్థిమితం అనగానే కదులుతున్న నీరు గుర్తొస్తుంది. ఇవాళ నిలిచి ఉండొచ్చు, రేపు అలలు లేవొచ్చు. చట్టం అడిగేదీ అదే: ఆ పని చేసిన క్షణంలో నీరు నిలిచి ఉందా? ముందు రోజూ కాదు, కోర్టుకు వచ్చిన రోజూ కాదు. ఏళ్ల తర్వాత మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ వేళకి అతని లోపల ఏముందో చెప్పాలి. పిల్ల చదువులో ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠమట. జబ్బు ఉందని డాక్టరు రాసిన కాగితం చాలదు. జబ్బు వేరు, ఆ జబ్బువల్ల తెలియకపోవడం వేరు అని మన కోర్టులు పదేపదే చెబుతున్నాయి. హైదరాబాదులో ఎవరినైనా ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపాలి అని చటుక్కున అనేస్తాం. న్యాయమూర్తికి అంత సులువు కాదు.

కచేరీ మాటలు ఇలా తలకిందులు కావడం కొత్తేమీ కాదు. ముద్దాయి ఉంది కదా. అరబ్బీలోంచి ఉర్దూలోకి వచ్చినప్పుడు ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. ఎవరో గుమాస్తా కాగితాల మధ్య వాది, ప్రతివాది చోట్లు మార్చుకున్నట్టున్నారు, మళ్లీ ఎవరూ సరిచేయలేదు. న్యాయం కోసం పోయినవాడు ముద్దాయిగా మిగలడం మాటల్లోనే జరిగిందని మా ప్లీడరు మిత్రుడు ఇప్పటికీ నవ్వుతాడు.

పిల్ల పుస్తకంలో మరొకాయన ఉన్నాడు, ఎడ్విన్ సదర్లాండ్, అమెరికన్. నేర ప్రవర్తన నేర్చుకున్నదేనని ఆయన సిద్ధాంతం. 1947 నాటికి తొమ్మిది సూత్రాలుగా దిద్ది పెట్టాడు, మొదటి సూత్రం ఇదే. పుట్టుకతో రాదు, నెత్తుటిలో ఉండదు. దగ్గరి మనుషుల మధ్య, మాటల ద్వారా, పనివాడి దగ్గర పని నేర్చుకున్నట్టు నేర్చుకుంటాడు. తాళం ఎలా తీయాలన్నదే కాదు, తీయడం తప్పు కాదని తనకు తాను ఎలా చెప్పుకోవాలన్నదీ నేర్చుకుంటాడు. తెల్లచొక్కా నేరాలను లోకం కళ్లబడేలా చేసిందీ ఈయనే. నేరం నేర్చుకున్నదైతే మన మాట మరోసారి బోర్లాపడింది. నేరని పనికి నేరమని పేరు పెడితే, నేర్చిన పనికి ఏమని పెట్టాలి?

అయితే సదర్లాండ్ వాదం ఎంత అవసరమో తెలియాలంటే అమెరికా పోనక్కర్లేదు, బాపట్ల దాకా పోతే చాలు. 1871లో ఇంగ్లీషువాళ్లు నేర జాతుల చట్టం తెచ్చారు. ఫలానా కులంలో పుడితే నేరస్థుడే. ఇటలీలో లోంబ్రోసో పుట్టు నేరగాడి ముఖ లక్షణాలు వర్ణిస్తూ పుస్తకం వేయడానికి ఐదేళ్ల ముందే ఇక్కడ అది చట్టం! 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చి ఎరుకల కుటుంబాలకు కట్టిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. రిజిస్టర్లో పేరు, వేళకు హాజరు, ఊరు దాటాలంటే పాసు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో చట్టాన్ని దేశమంతటా రద్దు చేసి విముక్త జాతులు అని కొత్త పేరు పెట్టారు. విముక్తి చట్టంనుంచే దొరికింది, మాటనుంచి దొరకలేదు. స్టూవర్టుపురం అనగానే మన సినిమాకు ఇప్పటికీ గజదొంగే కావాలి. ఒక బడిపంతులుగా నాకు ఇది సిగ్గుచేటు. నేరస్థ జాతి అనే సమాసం వ్యాకరణానికి లొంగుతుంది, కాబట్టి మేం అభ్యంతరం చెప్పలేదు.

1976లో ఎన్టీ రామారావు సినిమా ఒకటి వచ్చింది, నేరం నాదికాదు ఆకలిది. ఆ పేరులో ఒక ఫోరెన్సిక్ వాదన మొత్తం ఇమిడిపోయింది. కథ సంగతి వదిలేయండి.

మాటలు మనసును ఎంత మారుస్తాయో కొలిచిన పాఠం కూడా ఈ చదువులో ఉంది. అది నాకు ఈర్ష్య పుట్టించింది. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు కారు ప్రమాదాల ఫిల్ములు విద్యార్థులకు చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. ప్రశ్న ఒకటే, క్రియ మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోటి. నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు అని అడిగితే సగటున గంటకు దాదాపు 41 మైళ్లన్నారు. తగిలినప్పుడు అని అడిగితే 32. రెండో ప్రయోగం ఇంకా ఘాటు. వారం పోయాక పిలిచి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. ఫిల్ములో గాజే లేదు. అయినా నుజ్జు మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, మామూలు మాట విన్న 50 మందిలో ఏడుగురు. సాక్షి అనే మాటలో కన్ను ఉంది, అక్షి. ఆ కంట్లో ఎవరి క్రియ పడిందో కూడా చూసుకోవాలని వీళ్లు చెప్పారు.

తెలుగులో ఈ క్రియలకు కొదవా? రాసుకుంది, తాకింది, తగిలింది, గుద్దింది, గుద్దేసింది, ఢీకొంది. రోడ్డుపక్క టీ కొట్టువాడు "లారీ తగిలింది సార్" అంటాడు. స్టేషన్ రైటరు కాగితంమీద అది "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి ఢీకొట్టినాడు" అవుతుంది. అబద్ధం రాశాడని కాదు, సెక్షనుకు ఆ మాటలు కావాలి. కేసు విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. టీ కొట్టువాడు బోనెక్కే ముందు తన వాంగ్మూలం తనే వింటాడు. అప్పటికి అతను చూసింది ఏది? తగలడమా, ఢీకొట్టడమా?

సెలవులు అయిపోయే ముందు రోజు పిల్ల ఒక అసైన్‌మెంటు ముందేసుకు కూర్చుంది. 2015 బాల న్యాయ చట్టం, 15వ సెక్షన్. పదహారు నిండి పద్దెనిమిది నిండనివాడు, కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ వస్తే, బాలల న్యాయ మండలి ముందస్తు అంచనా వేయాలి. ఆ నేరం చేయడానికి అతనికి మానసికంగా, శారీరకంగా ఉన్న సామర్థ్యం, పర్యవసానం అర్థం చేసుకునే శక్తి, చేశాడంటున్న పరిస్థితులు, ఇవి చూడాలి. పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్నది దానిమీదే తేలుతుంది. మండలి మనస్తత్వ నిపుణుల సహాయం ‘తీసుకోవచ్చు’ అని చట్టంలో ఉంది. 2022లో సుప్రీంకోర్టు ఆ ‘వచ్చు’ దగ్గర ఆగింది. మండలిలో పిల్లల మనస్తత్వశాస్త్రమో మనోవైద్యమో చదివినవాళ్లు లేకపోతే ‘తీసుకోవచ్చు’ను ‘తీసుకోవాలి’ అని చదువుకోవాలంది. ఒక క్రియా ప్రత్యయంమీద ఒక కుర్రాడి జీవితం ఆధారపడటం నేను పాఠం చెప్పిన ముప్పయ్యేళ్లలో చూడలేదు. పిల్లలను గురించి నిందతో నిండిన మాటలు వాడరాదని కూడా ఆ చట్టమే అంటుంది. అందుకే అందులో నేరస్థుడు లేడు, చట్టంతో ఘర్షణ పడిన బాలుడున్నాడు. బారుగా ఉంది గాని, బారుగా ఉండటమే దాని మర్యాద.

పిల్లకిచ్చిన పని ఇది: ఆ సెక్షన్‌లోని అంశాలు, ఎదురుగా కూర్చున్న పదహారేళ్ల కుర్రాడికి అర్థమయ్యే మాతృభాషలో ప్రశ్నలుగా మార్చాలి. నేరం చేయు సామర్థ్యం అని రాసి, కొట్టేసి, నావైపు చూసింది. సామర్థ్యం అంటే మెచ్చుకోలులా ఉంది మావయ్యా, అంది. నాకు తోచింది పాత తెలుగే: చేయ నేర్చునా? ఇద్దరం కాసేపు ఆ వాక్యాన్ని చూస్తూ ఉండిపోయాం. నేరము చేయ నేర్చునా. వ్యాకరణ రీత్యా తిరుగులేదు, ఏ కుర్రాడికీ అర్థం కాదు.

చివరికి అమ్మను అడిగాం. వాణ్ణి నువ్వయితే ఏమని అడుగుతావని.

"ఏం చేశాడు?"

"అది తేలలేదు అమ్మమ్మా. చేశాడంటున్నారు."

"అయితే తెలిసి చేశావా, తెలియక చేశావా అని అడగను. నేనడిగినన్నాళ్లూ మీ మావయ్య తెలియకే చేశానన్నాడు." ఈనెల పళ్లెం పక్కకు జరిపింది. "ముందు అన్నం తిన్నాడో లేదో కనుక్కోమను. ఆ తర్వాత ఆ పూట ఇంట్లో ఎవరున్నారో చెప్పమను."

పిల్ల అది పరిస్థితులు అన్న శీర్షిక కింద రాసుకుంది. రెండు మార్కులు రావచ్చంది.

గోడమీది పేరు మాత్రం తేలలేదు. నేర అన్న మాట తీసేసింది, రచ్చ పెట్టడానికి ధైర్యం చాలలేదు. బెంగళూరు చేరాక ఫోటో పంపింది: ఫోరెన్సిక్ సైకాలజీ, తెలుగు లిపిలో, ఎర్ర స్కెచ్ పెన్నుతో. కన్నడ, మలయాళ పిల్లలు కూడా అలాగే రాశారట.